బిడ్డను ఎవరు పట్టుకోవాలి?

"నాహిద్, తలుపు తియ్యమ్మా. ముషారఫ్ కారు తెచ్చేశాడు."

సుగ్రాబీ మళ్ళీ డార్క్‌రూము తలుపు కొట్టబోయి, వరండా బల్ల మీద కూర్చున్న పేషెంట్లంతా తనవైపే చూస్తున్నారని తెలిసి చెయ్యి దించేసింది.

ఇంట్లో ఇన్ని గదులుండగా కోడలు పోయి పోయి ఆ చీకటి గదిలో గడియ పెట్టుకోవడంలో ఓ తెలివి ఉంది. సుగ్రాబీ మొగుడు రెహమాన్ ఇంటి ముందు భాగంలో ఎక్స్‌రే పెట్టిన నాటి నుంచీ అక్కడ ఒకటే కట్టడి. ఆ తలుపు మూసి ఉంటే బయటివాళ్ళు తోయకూడదు. వెలుతురు పడితే లోపల ఫిల్ములు పాడైపోతాయి. ముషారఫ్ చిన్నతనంలో ఒకసారి తోసి తండ్రి చేత తన్నులు తిన్నాడు. ఇప్పుడు మీసాలు మొలిచి, పెళ్ళయి, సొంత టాక్సీ నడుపుకుంటున్న మనిషి, నాహిద్‌కి మొగుడు, అదే తలుపు ముందు కారు తాళాలు ఆడిస్తూ నిలబడ్డాడే గాని భుజం ఆనించలేదు.

"డాక్టరమ్మ మధ్యాహ్నం లోపు రమ్మంది. ఇప్పుడు బయల్దేరకపోతే మనం బెజవాడ చేరేసరికి ఆవిడ వెళ్ళిపోతుంది," అన్నాడు.

"వెళ్ళిపోనీ," అన్నాడు రెహమాన్ కుర్చీలోంచి లేవకుండానే.

"నాన్నా, నువ్వు మాట్లాడకు."

"పోయేది నా మనవడ్రా. నేను కాకపోతే ఎవరు మాట్లాడతారు?"

"నీ మనవణ్ణి ఆ మిషను ముందు నించోబెట్టింది ఎవరు?"

ఆ ఇంట్లో నాలుగు రోజులుగా ఏ తగువు మొదలైనా ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతోంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి నాహిద్ కడుపు పండింది. పండిందని తెలిసే లోపల నెలలు గడిచాయి. ఆ నెలలన్నీ ఆమె రోజూ చేసే పనే చేసింది. ఎక్స్‌రే గదిలో పేషెంట్ల పిల్లల్ని కదలకుండా పట్టుకుని నిలబడింది. బెజవాడ డాక్టరమ్మ ఆ సంగతి వినగానే పెన్ను పక్కన పెట్టేసింది. "ఎక్స్‌రే గదిలోనా? తీయించేసుకోమ్మా. ఇంకా వయసుంది, మళ్ళీ పుడతారు," అంది. కూరలో ఉప్పెక్కువైతే పారబోసి మళ్ళీ వండుకోమన్నంత తేలిగ్గా అంది.

రెహమాన్ వద్దన్నాడు, పాపమన్నాడు. ముషారఫ్ భయపడ్డాడు. సుగ్రాబీ రెండు రాత్రులు ఏడ్చి, మూడో నాటికి కొడుకు పక్షం చేరింది. ఆమె మనసు రాయి అనుకోకండి. పుట్టుకతో కాళ్ళు లేని తమ్ముణ్ణి పాతికేళ్ళు చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. ఆ బరువు ఎలాంటిదో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

బల్ల చివర కూర్చున్న హన్నమ్మ గొంతు సవరించుకుంది. వినగడప నుంచి మొదటి బస్సుకే వచ్చింది. ఒళ్ళో పిల్ల దగ్గి దగ్గి సొమ్మసిల్లి పడుకుంది. ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందేమో ఫొటో తీయించి తెమ్మన్నాడు డాక్టరు.

"భాయ్‌గారూ, మాకు తీస్తారా? పిల్ల ఒళ్ళు కాలిపోతంది."

"తీస్తానమ్మా. కాస్త ఆగు," అన్నాడు రెహమాన్.

అప్పుడే మెట్ల దగ్గర అనంత్ చెప్పులు విడిచాడు.

అనంత్ ఆ వీధిలో అర్చకుల ఇంటి పిల్లాడు. ముషారఫ్‌తో కలిసి చదువుకున్నాడు. చిన్నప్పుడు గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఫొటో తీసింది రెహమానే. ఇప్పుడు బొంబాయిలో పెద్ద ఆఫీసు. రేడియేషన్ ఎవరికి ఎంతవరకు తగలనివ్వచ్చో పాత నిబంధనలన్నీ తిరగరాసే కమిటీలో ఉన్నాడు. జనానికి అర్థమయ్యేలా తెలుగులో చిన్న పుస్తకం రాసే పని కూడా అతనికే అప్పజెప్పారు. మేనకోడలి ఓణీల ఫంక్షనుకి ఊరొచ్చాడని తెలిసి ముషారఫే కబురు పెట్టాడు.

"రా బాబూ," అంది సుగ్రాబీ. కుర్చీ వెయ్యడం కూడా మర్చిపోయింది. "నువ్వు చదువుకున్నవాడివి. ఈ రూల్సన్నీ రాసేది మీరేనంటగా. ఒక్క ముక్క చెప్పు. బిడ్డకి ఏమన్నా అవుద్దా, ఏం కాదా?"

"ఎంత తగిలిందో తెలిస్తే చెప్పొచ్చమ్మా. నాహిద్ గారికి బ్యాడ్జీ ఉందా?"

బ్యాడ్జీ అంటే చొక్కాకి పెట్టుకునే చిన్న బిళ్ళ. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టి చెబుతుంది. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే, రెహమాన్ జేబుకి వేలాడుతోంది.

"దానికెందుకు బ్యాడ్జీ? అదేం ఉద్యోగస్తురాలా? ఇంట్లో పిల్ల. పిలిస్తే వచ్చి కాస్త పట్టుకునేది," అన్నాడు రెహమాన్.

"పోనీ ఏప్రానన్నా వేసుకునేవారా?"

రెహమాన్ గోడకేసి చూశాడు. మేకుకి సీసం ఏప్రాను వేలాడుతోంది. ఎక్స్‌రే ఒంటికి తగలకుండా ఆపే బరువైన నల్లటి ఏప్రాను. దాని భుజం మీద దుమ్ము అంగుళం మందాన పేరుకుంది.

"నాన్నా, అడుగుతున్నాడు చెప్పు," అన్నాడు ముషారఫ్.

"వేసుకునేది. మొదట్లో వేసుకునేది."

"తర్వాత?"

"ఎ.కొండూరు నుంచి ఒకావిడ వచ్చిందిరా. పిల్లాడికి ఫొటో తియ్యాలి. నాహిద్ అది కట్టుకుని రాగానే ఆవిడ కళ్ళింతలు చేసుకుని, 'నువ్వంత బరువు కవచం కట్టుకున్నావు, నా బిడ్డనేమో బరివాతల నించోబెడతావా' అని పిల్లాణ్ణి లాక్కుని పోయింది. నాటువైద్యుడి దగ్గరికి పోయింది. ఆ పిల్లాడు నిలవలేదు." రెహమాన్ గొంతు తగ్గింది. "ఆరోజే నేనే తీసేయమన్నా. మా ఇంటి పిల్లే ఉత్తి చీరతో నించుంటే జనానికి ధైర్యం వస్తుందనుకున్నా. వచ్చింది కూడా. మా కోడలే నించుంటుందమ్మా, ఏం కాదు అంటే ఒక్కరు మారు మాట్లాడేవాళ్ళు కాదు."

ముషారఫ్ చేతిలో తాళాలు ఆగిపోయాయి. ఈ సంగతి అతనికి ఇవాళే తెలిసింది.

"నీ గిరాకీ కోసం నా పెళ్ళాన్ని..."

"గిరాకీ కోసం కాదురా!"

"మరి దేనికోసం? ఊళ్ళోవాళ్ళ భయం పోగొట్టడానికి మనింట్లో మనిషే దొరికిందా? నువ్వు మాత్రం సీసం రేకు కొట్టిన చెక్క అడ్డు వెనక నించుని స్విచ్చి నొక్కుతావు!"

బల్ల మీంచి ఇద్దరు లేచారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. వాళ్ళు చీటీలు మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయారు. ఇరవై ఏళ్ళు పోగేసిన ధైర్యం అలా మెట్లు దిగిపోతుంటే రెహమాన్ చూస్తూ కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే అతను చెడ్డవాడు కాదు. మంచివాళ్ళు చేసే తప్పులకి మందు లేకపోవడమే వచ్చిన చిక్కు.

అనంత్ డార్క్‌రూము తలుపు దగ్గరికి వెళ్ళాడు.

"నాహిద్ గారూ, నేను అనంత్‌ని. ఈ నెలల్లో ఎంతమంది పిల్లల్ని పట్టుకుని ఉంటారో సుమారుగా చెప్పగలరా?"

తలుపుకి ఆనుకుని ఉన్నంత దగ్గరగా గొంతు వచ్చింది.

"నెమలి ఊరి నుంచి కవలలు వచ్చారండి. ఒకడు నా గాజులు పట్టుకుని వదల్లేదు. రూపాయి బిళ్ళ మింగిన పాప ఒకత్తె. నెమ్ము చేసిన బాబు రెండుసార్లు వచ్చాడు. రెండోసారి నన్ను గుర్తుపట్టి నవ్వాడు. ఇంకా చాలామంది సార్. లెక్క పెట్టలేదు. పిల్లల్ని లెక్కపెడితే దిష్టి తగులుద్దంటారుగా. నాకు లేరు కాబట్టి అసలే పెట్టకూడదనుకున్నా."

అనంత్ కళ్ళు మూసుకుని లోలోపల ఏదో కూడుకున్నాడు. మిషను ఎంత పాతదైనా, ఆమె ఎంత దగ్గరగా నిలబడినా, రోజూ గదినిండా పిల్లలే వచ్చారనుకున్నా, కడుపులో బిడ్డకి చేరేది ఆవగింజంత. డాక్టరమ్మ చెప్పింది శుద్ధ తప్పు. ఆ సంగతి అతనికి నిమిషంలో తెలిసిపోయింది.

"అమ్మా, తగిలింది చాలా తక్కువ. దీనికి బిడ్డను తీయించాల్సిన పని లేదు. దాదాపు ఏం కాదు," అన్నాడు.

"దాదాపా?" అంది సుగ్రాబీ.

ఆ ఒక్క మాట అతని అలవాటు. కొద్దిపాటి రేడియేషన్ వల్ల కూడా బొత్తిగా ప్రమాదం లేదని ఎవరూ హామీ ఇవ్వకూడదని కమిటీలో గట్టిగా వాదించినవాడు అతనే. పూర్వం పెద్దమనుషులు జనానికి ఏమీ కాదని చెప్పి మోసం చేశారు, మనం అలా చెయ్యకూడదు అన్నాడు. తన తెలుగు పుస్తకంలోంచి కూడా 'ఏం కాదు' అన్న మాటని తన చేత్తోనే కొట్టేశాడు. ఆ నిజాయితీ బొంబాయిలో ఎంతో బావుంది. ఈ వరండాలో దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు.

"అంటే, అమ్మా, ఉన్నా లెక్కలోకి రానంత..."

"ఉన్నా అంటున్నావు కదా బాబూ."

ముషారఫ్ స్నేహితుడి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అనంత్, నాకు ఇవన్నీ వద్దు. ఒకటే అడుగుతా. నాహిద్ కాదు, నీ భార్యే అనుకో. నువ్వేం చేస్తావు?"

అనంత్ వెంటనే బదులు చెప్పి ఉంటే ఈ కథ మరోలా నడిచేది. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో అతనికి భార్య అపూర్వ గుర్తొచ్చింది. నిరుడు ఆమె కడుపుతో ఉన్నప్పుడు పంటి ఎక్స్‌రేకి కూడా ఒప్పుకోలేదు తను. పన్ను పోటుతో ఆమె నెలల తరబడి దిండు కొరుక్కుంటూ పడుకుంది. అక్కర్లేదని తనకి తెలుసు. తెలిసీ ఒప్పుకోలేదు. ఆ సిగ్గుతో అతని నాలుక ఒక్క క్షణం తడబడింది.

ఆ క్షణం వరండాలో అందరికీ వినిపించింది.

"ఉంచుకునేవాణ్ణి," అన్నాడు చివరికి. "నిజంగా ఉంచుకునేవాణ్ణి."

"అంతసేపు ఆలోచించి చెప్పావు బాబూ," అంది సుగ్రాబీ. ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది.

తలుపు గడియ తీసిన చప్పుడైంది. నాహిద్ బయటికొచ్చింది. చీకట్లోంచి వచ్చి ఎండకి కళ్ళు చికిలించింది. ఏడ్చిన ఆనవాళ్ళు లేవు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని మామ కుర్చీ పక్కన నిలబడింది.

"సార్, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇంత దాటకూడదని రూలుందంటగా. అది మారిందా?"

"మారిందండి. ఇదివరకు ఎక్కువ ఉండేది. ఇప్పుడు బాగా తగ్గించాం."

"అంటే ఇదివరకు మంచిదన్నది ఇప్పుడు మంచిది కాదా?"

"అలా కాదండి. ఆ గీత దాటితే బిడ్డకి ఏదో అయిపోతుందని కాదు. జాగ్రత్త కోసం గీతని ఇంకా కిందికి జరిపాం. మీకు తగిలింది ఆ కొత్త గీతకి కూడా చాలా కిందే ఉంటుంది."

"ఉంటుందంటారా, ఉందంటారా?"

"బ్యాడ్జీ లేకుండా ఉందని ఎలా చెప్పనండి?"

రెహమాన్ ఒక్కసారిగా లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"మీరు జాగ్రత్త కోసం గీత జరిపారు. డాక్టరమ్మ జాగ్రత్త కోసం తీసేయమంది. నా కొడుకు జాగ్రత్త కోసం కారు తెచ్చాడు. ఇంతమంది జాగ్రత్తపరుల మధ్య ఒక పసిగుడ్డు బతకడానికి లేదా?"

హన్నమ్మ పిల్ల దగ్గింది. దగ్గు ఆగాక కూడా పిల్ల గొంతులో పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

నాహిద్ అనంత్‌నే చూస్తోంది.

"సార్, ఇంకొక్కటి. బిడ్డ పుట్టాక ఏదన్నా తేడా వస్తే, అది దీనివల్ల కాదని మీరొచ్చి చెప్తారా?"

అనంత్ నుదురు రుద్దుకున్నాడు. ఏ కారణమూ లేకుండానే, ఏ ఎక్స్‌రేలూ తెలియని తల్లులకి కూడా, నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏదో ఒక లోపంతో పుడుతూనే ఉంటారు. ఫలానా బిడ్డకి ఫలానా దానివల్లే అయిందనీ, కాలేదనీ లోకంలో ఎవరూ తేల్చలేరు. అతను ఆ సంగతి చెప్పాడు. మెల్లగా, తేలిక మాటల్లో, బాగానే చెప్పాడు.

"అర్థమైంది సార్," అంది నాహిద్. మొగుడి వైపు తిరిగింది. "జ్వరమొచ్చినా దీనివల్లే అంటావు. నడక ఆలస్యమైనా దీనివల్లే అంటావు. బళ్ళో మార్కులు తగ్గినా నా మొహం చూస్తావు. అంటావా, అనవా?"

ముషారఫ్ తల వంచుకున్నాడు. అబద్ధమాడడం చేతకాని మనిషి. ఆ ఒక్క పూటకి చేతనై ఉంటే ఎంత బావుండేదో!

"పదండి," అంది నాహిద్. "నేనొక్కదాన్నే గట్టిగా నమ్మితే చాలదు. ఈ ఇంట్లో దాన్ని పెంచలేను."

ఆమె మెట్లు దిగుతుంటే రెహమాన్ "అమ్మా" అన్నాడు. ఆమె వెనక్కి చూడలేదు. సుగ్రాబీ కొంగు నోట్లో కుక్కుకుని కోడలి వెనకే వెళ్ళింది. ముషారఫ్ కారు తలుపు తెరిచాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆ రెండిటి మధ్యా నిలబడ్డానికి అనంత్‌కి జానెడు చోటు కూడా మిగల్లేదు. కనీసం ఒక్క పనైనా సవ్యంగా చేద్దామనుకున్నాడు పాపం.

"రెహమాన్ భాయ్, ముందు ఈ పాప సంగతి చూడండి. నేను పట్టుకుంటాను."

"నువ్వా బాబూ?"

"ఎవరో ఒకరు పట్టుకోవాలిగా."

రెహమాన్ గదిలో లైటు వేశాడు. హన్నమ్మ పిల్లను భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. అనంత్ గోడ దగ్గరికి నడిచి, దుమ్ము దులిపి, సీసం ఏప్రాను తీసి మెడలో వేసుకున్నాడు. అతను నేర్చిన పద్ధతి అది. కొత్తగా రాసిన నిబంధన కూడా అదే. పట్టుకునేవాళ్ళు విధిగా ఏప్రాను వేసుకోవాలి.

హన్నమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అదేందండీ?"

"ఏం లేదమ్మా, ఇది రూలు. పాపకి ఒక్కసారే కదా, ఏమీ..." అనంత్ అక్కడ ఆగాడు. "పాపకి దీనివల్ల వచ్చే మంచే ఎక్కువమ్మా."

"మరి తమరికెందుకండీ అది?"

"నేను... పట్టుకునేవాళ్ళు వేసుకోవాలమ్మా."

"ఎప్పుడూ ఆయమ్మ ఉత్తినే పట్టుకుంటదంటగా. మా పక్కింటోళ్ళు చెప్తేనే వచ్చా." హన్నమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. "ఆయమ్మనేమో ఆస్పత్రికి తీసకపోతన్నారు. బొంబాయి నుంచొచ్చిన సదువుకున్న బాబే అంత బరువు కట్టుకుంటే గాని గదిలోకి రానంటన్నాడు. భాయ్‌గారూ, నువ్వు చెప్పు. నీ మాట నమ్ముతా. నా పిల్లకేం కాదుగా?"

ఇరవై ఏళ్ళుగా రోజూ అన్న మాట. నిద్రలో లేపినా అనేవాడు. రెహమాన్ నోరు తెరిచాడు. కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

హన్నమ్మ కాసేపు అతని పెదాలకేసి చూసి, పిల్లకి తువ్వాలు చుట్టి, గబగబా మెట్లు దిగింది.

"అమ్మా, ఆగు! ఫొటో తియ్యకపోతే పిల్ల దక్కదు!" అని అరిచాడు అనంత్. ఏప్రాను బరువుకి పరుగెత్తలేకపోయాడు. ఇందాకటి నుంచీ అతను తడుముకోకుండా అన్న మాట ఇదొక్కటే. అది కూడా భయపెట్టే మాటే అయింది. హన్నమ్మ అడుగు ఇంకా వేగం చేసింది.

కదలబోతున్న కారు ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది.

"నాహిద్!" అన్నాడు ముషారఫ్.

ఆమె దిగి రోడ్డు మీద హన్నమ్మకి ఎదురెళ్ళింది. ఏమీ అనకుండా చేతులు చాపింది. పిల్ల జ్వరంలోనే కళ్ళు తెరిచి ఆ చేతుల్లోకి వాలిపోయింది. హన్నమ్మ వద్దనలేకపోయింది.

నాహిద్ పిల్లను ఎత్తుకుని మెట్లెక్కి గదిలోకొచ్చింది. అనంత్ తన మెడలో ఏప్రాను తీసి ఆమెకి అందించాడు. ఆమె దాన్ని చూడను కూడా లేదు. ఫిల్ము పెట్టే చట్రం ముందు నిలబడి, పిల్ల గడ్డం పైకెత్తి, దాని రెండు చేతులూ తలకి ఆనించి పట్టుకుంది.

"వేసుకోండి నాహిద్ గారూ. దయచేసి వేసుకోండి."

"ఎందుకు సార్? మధ్యాహ్నానికి ఉండదుగా," అంది నాహిద్. "ఇవాళ నాకంటే భయం లేకుండా పట్టుకునేవాళ్ళు ఎవరున్నారు?"

గుమ్మంలో హన్నమ్మ గుండెల మీద చెయ్యేసుకుని నిలబడింది. ఆమె వెనక సుగ్రాబీ, సుగ్రాబీ వెనక ముషారఫ్.

చెక్క అడ్డు వెనక రెహమాన్ స్విచ్చి చేతిలోకి తీసుకున్నాడు. చిన్న అద్దంలోంచి కోడలి వీపు కనిపిస్తోంది. నొక్కకపోతే ఆ పిల్ల దక్కదు. నొక్కితే, ఇంకా కడుపులోనే ఉన్న తన మనవడి మీద తన చేత్తోనే నొక్కాలి.

"కదలకుండా పట్టుకున్నా మామయ్యా," అంది నాహిద్. "తియ్యండి."

రెహమాన్ బొటనవేలు స్విచ్చి మీద ఉంది.